జూలైలో ఒంటరిగా లిస్బన్ నుంచి రోమ్ దాకా: ఈ రూటు నడుస్తుందా?

బెజవాడ_బాటసారి
జూలై మొదటివారంలో లిస్బన్‌లో దిగుతాను, నెలాఖరులో రోమ్ నుంచి తిరుగు విమానం. మొత్తం 20 రాత్రులు, ఒక్కదాన్నే. రూటు ఇదీ: లిస్బన్ 3, సెవియా 2, గ్రనాడా 1, మాడ్రిడ్ 2, బార్సిలోనా 3, పారిస్ 3, వెనిస్ 1, ఫ్లోరెన్స్ 2, రోమ్ 3.
యూరైల్ పాస్ (చాలా యూరప్ దేశాల రైళ్ళకి కలిపి ఒకే పాస్) లేకపోతే మునిగిపోతారని ఒక వీడియోవాడు, కొంటే మునిగిపోతారని ఇంకొకడు. అసలు పాస్ కొనాలా, విడి టికెట్లు తీసుకోవాలా? వీసా ఏ దేశానికి పెట్టాలి? "బెజవాడ వాళ్ళకి ఎండ ఒక లెక్కా" అని అందరూ తీసిపారేస్తున్నారు, నిజమేనా? గుడ్డు తింటాను, మాంసం చేపలు తినను.

వీసా_గోల
మొదట దిగేది పోర్చుగల్ కదా అని అక్కడ పెట్టకండి. ఎక్కువ రోజులు ఉండే దేశానికే పెట్టాలి. మీ లెక్కలో స్పెయిన్ 8 రాత్రులు, ఇటలీ 6, పోర్చుగల్ 3, ఫ్రాన్స్ 3. కాబట్టి స్పెయిన్. రోజులు సమానమైతేనే మొదట అడుగుపెట్టే దేశం లెక్కలోకి వస్తుంది.
ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు, సెంటరువాళ్ళ సర్వీస్ చార్జి వేరే. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. నిర్ణయానికి మామూలు గడువు 15 రోజులు, అవసరమైతే 45 దాకా లాగుతారు. జూలై ప్రయాణాలకి అపాయింట్‌మెంట్ దొరకడమే గగనం, ఏప్రిల్‌లోనే పట్టుకోండి. బీమా కనీసం 30,000 యూరోలకి, షెంగెన్ దేశాలన్నిటిలో (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాలు) చెల్లేది, వచ్చే రోజూ పోయే రోజూ కలుపుకుని ఉండాలి.
రూటు మారితే లెక్క మళ్ళీ వేయాలి, గుర్తుంచుకోండి.

రైలుపట్టాలు
ముందు రూటు సంగతి. మ్యాపులో దగ్గరగా కనిపించేవన్నీ రైల్లో దగ్గర కావు.
లిస్బన్ నుంచి సెవియాకి నేరుగా రైలు లేదు, బస్సులో ఆరేడు గంటలు. లిస్బన్–మాడ్రిడ్ రాత్రి రైలు 2020 మార్చిలో ఆగింది, మళ్ళీ రాలేదు. బార్సిలోనా–పారిస్ నేరు రైలు ఉంది, ఏడు గంటలకి కాస్త తక్కువ. పారిస్–మిలాన్ దారి 2023 ఆగస్టులో కొండచరియలు పడి మూసేశారు, 2025 మార్చి 31న తెరిచారు. దాంట్లో ఏడు గంటలు, మిలాన్‌లో మారి వెనిస్‌కి ఇంకో రెండున్నర. ఒక్క రాత్రి వెనిస్ కోసం ఒక పగలంతా రైల్లో కూర్చుంటారు.
ఇక పాస్. మీరు తిరిగే నాలుగు దేశాల్లో దూరం వెళ్ళే వేగపు రైళ్ళకి పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్ వేరేగా కొనాలి. ఫ్రాన్స్ వేగపు రైళ్ళు టీజీవీల్లో పాస్ వాళ్ళకి సీట్లు కోటా లెక్కన ఇస్తారు, జూలైలో అవి ముందే అయిపోతాయి. ఊయిగో లాంటి చవక రైళ్ళలో పాస్ చెల్లదు. స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, జర్మనీ అయితే ఎక్కి కూర్చోవచ్చు కాబట్టి పాస్ గిట్టుబాటు. దక్షిణంలో విడి టికెట్లే.

నల్లగొండోడు
@రైలుపట్టాలు అన్నా, విడి టికెట్లు గూడ చివరి నిమిషంల కొంటే పాస్ కంటె ఎక్కువైతయి. గా ముక్క గూడ చెప్పు.

రైలుపట్టాలు
@నల్లగొండోడు నిజమే. అక్కడ రైలు చార్జీ విమానం టికెట్‌లాగా రోజురోజుకీ పెరుగుతుంది. మాడ్రిడ్–బార్సిలోనా మీద రెన్ఫే, ఊయిగో, ఇర్యో అని మూడు రైలు కంపెనీలు పోటీ పడతాయి కాబట్టి ముందే చూస్తే చవకగా దొరుకుతాయి. రెండున్నర గంటల ప్రయాణం. ఇటలీ వేగపు రైళ్ళు మూడు నాలుగు నెలల ముందే అమ్మకానికి వస్తాయి. స్పెయిన్‌వి ఒక్కోసారి ఆలస్యంగా తెరుస్తారు, టికెట్లు కనబడలేదని కంగారు పడొద్దు.
స్పెయిన్ వేగపు రైళ్ళకి స్టేషన్లో సామాను ఎక్స్‌రే ఉంటుంది, గేటు రైలు కదలడానికి ముందే మూసేస్తారు. అరగంట ముందు ఉండండి. మన సికింద్రాబాద్‌లో లాగా పరుగెత్తి ఎక్కడం కుదరదు.

నీడపట్టున
ఎండ గురించి. బెజవాడ అనుభవం సెవియాలో సగమే పనికొస్తుంది, ఎందుకో చెప్తాను.
గడియారం మోసం చేస్తుంది. మన దగ్గర సూర్యుడు నడినెత్తికి వచ్చేది సుమారు 12:15కి. సెవియాలో జూలైలో అది 2:30 ప్రాంతంలో. అంటే అసలు మంట సాయంత్రం 5, 6 గంటలకి. "4 తర్వాత చల్లబడుతుందిలే" అని బయల్దేరినవాళ్ళు సరిగ్గా దాని నోట్లో పడతారు. సూర్యాస్తమయం రాత్రి 9:45కి.
గాలి పొడి. చెమట పట్టినట్టే తెలీదు, పట్టిన వెంటనే ఆరిపోతుంది. దాహం వేసేదాకా ఆగకుండా గంటకి అర లీటరు తాగుతూ ఉండాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు మన దగ్గర్నుంచే పట్టుకెళ్ళండి, బరువుండవు.
ఇంకొకటి, అక్కడ మనం రోజంతా నడుస్తాం. ఇక్కడ మే నెలలో మధ్యాహ్నం బీసెంట్ రోడ్డులో ఎవరైనా ఐదు గంటలు నడుస్తారా?
సెవియాలో జూలై సగటు గరిష్ఠమే 36 దాటుతుంది, వడగాలి వారంలో 40 పైనే. యూరప్ రికార్డు 48.8, 2021 ఆగస్టు 11న సిసిలీలో. గది బుక్ చేసేటప్పుడు ఏసీ ఉందని వాళ్ళ పేజీలో రాసి ఉందో లేదో చూడండి. స్పెయిన్‌లో 'ఐరే అకొందిసియొనాదో', ఇటలీలో 'ఆరియా కొందిత్సియొనాతా'. ఫ్యాన్ ఉంటే సరిపోతుందనుకోవద్దు. పారిస్‌లో అయితే చాలా చిన్న హోటళ్ళలో ఏసీయే ఉండదు, పై అంతస్తులో జింకు రేకు పైకప్పు కింద గది దొరికితే రాత్రి 11కి కూడా వేడి దిగదు.

నల్లగొండోడు
ఎండకు భయపడి సెవియా పోకుంటే ఎట్లక్కా. పొద్దుగాల 8 నుంచి 12 దాంక తిరుగు. 12 నుంచి 8 దాంక ఏసీ రూముల పండుకో. మల్ల రాత్రి 8 నుంచి 12 దాంక రోడ్ల మీద పిల్లజెల్ల అంత ఉంటరు. అక్కడోళ్ళు గట్లనే బతుకుతరు. అర్ధరాత్రి ఒక్కదానివి నడిచినా ఊరి నడుమ జనం ఉంటరు.

నీడపట్టున
@నల్లగొండోడు నీ పద్ధతి సరైనదే, కానీ 2 రాత్రుల్లో సగం నిద్రకే పోతుంది. దానికి 4 రాత్రులు కావాలి. ఆవిడకి లేవు.

లిస్బన్_గాలి
సెవియా తీసేసి పోర్టో పెట్టండి. అట్లాంటిక్ వైపు జూలైలో పోర్టోలో పగలు 25 చుట్టూ, సాయంత్రం పల్చటి స్వెట్టర్ పడుతుంది. లిస్బన్ 28, 29, ఒక్కోసారి మూడు నాలుగు రోజులు 35 దాటుతుంది. సముద్రం నీళ్ళు మాత్రం 17–19 డిగ్రీలు, ఈత అనుకున్నవాళ్ళు మోకాలి దాకా దిగి వెనక్కి వస్తారు.
లిస్బన్–పోర్టో వేగపు రైలు ఆల్ఫా పెందులార్‌లో మూడు గంటలు. ముందుగా కొంటే చార్జి బాగా తగ్గుతుంది. కంపాన్యా స్టేషన్లో దిగి, అదే టికెట్‌తో లోకల్ రైల్లో సాఁవ్ బెంతు దాకా వెళ్ళొచ్చు, వేరే టికెట్ అక్కర్లేదు. ఆ స్టేషన్ హాల్లో నీలి పలకల గోడలు చూడటానికే జనం వస్తారు.
లిస్బన్ పక్కనే ఉన్న సింత్రా వెళ్తే చిన్న కోటు దాచుకోండి. లిస్బన్‌లో మండుతుంటే అక్కడ కొండ మీద పొగమంచు కమ్మి ఉంటుంది. పేనా భవనానికి టైము స్లాట్ ఉంది, గేటు నుంచి భవనం దాకా ఎక్కే అరగంట కూడా లెక్కేసుకోవాలి.

బెజవాడ_బాటసారి
సెవియా వదిలేస్తా. గ్రనాడా మాత్రం వదలను, అక్కడి అల్హంబ్రా కోట కోసమే ఈ ప్లాన్ మొదలైంది.

నీడపట్టున
గ్రనాడా పర్లేదు. 700 మీటర్ల పైన ఉంది కాబట్టి పగలు మంట ఉన్నా రాత్రి చల్లబడుతుంది. కానీ 1 రాత్రి కాదు, 2 పెట్టండి. అల్హంబ్రా పొద్దున్నే స్లాట్ తీసుకోండి.
టికెట్ మీ పేరు, పాస్‌పోర్టు నంబరుతో ఇస్తారు, గేటు దగ్గర అసలు పాస్‌పోర్టు చూపాలి. నస్రీద్ రాజభవనాలకి రాసిన టైము దాటితే లోపలికి పంపరు, మిగతా కోట అంతా తిరగొచ్చు. జూలైకి వారాల ముందే అయిపోతాయి. రోజంతటి టికెట్ అయిపోతే రాత్రి దర్శనం టికెట్లు చూడండి, లేదా గ్రనాడా నగర కార్డులో కలిపి అమ్ముతారు.

అలారం_పెట్టుకో
ముందే కొనాల్సినవి చెప్పేస్తున్నా, తర్వాత ఎవరూ ఏడవొద్దు. బార్సిలోనాలో సగ్రాదా ఫమీలియా చర్చికి టికెట్ ఆన్‌లైన్‌లోనే. కొలోసియం టికెట్ పేరు మీద ఉంటుంది, 30 రోజుల ముందు అమ్మకం మొదలవుతుంది. నేపుల్స్ దగ్గరి పాంపేయి శిథిలాలు 2024 నవంబరు నుంచి రోజుకి 20,000 మందికే, అదీ పేర్లతో. రోమ్‌లో పాంథియాన్ అనే పాత గుడికి 2023 జూలై నుంచి టికెట్ పెట్టారు.
సెలవులు: ఫ్లోరెన్స్‌లో ఉఫిత్సీ, ఆకాదేమియా మ్యూజియంలు సోమవారం. వాటికన్ మ్యూజియంలు ఆదివారం, నెలాఖరి ఆదివారం తప్ప. ఆ ఉచిత ఆదివారం క్యూ చూస్తే తిరుమల సర్వదర్శనం నయమనిపిస్తుంది. మాడ్రిడ్‌లో రేయినా సోఫియా మ్యూజియం మంగళవారం. అక్కడే ప్రాదో మ్యూజియం సోమవారం నుంచి శనివారం దాకా సాయంత్రం 6 నుంచి 8 ఉచితం, ఎండ తప్పించుకోవడానికి కూడా అదే మంచి టైము.
వాటికన్‌లో సెయింట్ పీటర్స్ చర్చిలో భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి. ఒక పల్చటి చున్నీ సంచిలో ఉంచుకుంటే అన్ని చర్చిలకీ సరిపోతుంది.

తాళంకప్ప
ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి అసలు ప్రమాదం దొంగ కాదు, ఫోను ఒక్కదాని మీదే అన్నీ ఉండటం. టికెట్లు, ఈసిమ్, మ్యాపు, బ్యాంకు ఓటీపీ అన్నీ అందులోనే. అది పోతే పక్కన అడగడానికి మనిషి లేడు.
కాబట్టి: పాత ఫోను ఒకటి తీసుకెళ్ళండి. మీ ఇండియా సిమ్ అందులో వేసి, బయల్దేరే ముందే రోమింగ్ ఆన్ చేయించి, డేటా ఆఫ్‌లో పెట్టండి. ఓటీపీలు దానికి వస్తాయి, అది గది లాకర్‌లోనే ఉంటుంది. రోజూ వాడే ఫోన్లో అక్కడి ఈసిమ్. రెండు కార్డులు రెండు చోట్ల. పాస్‌పోర్టు, వీసా పేజీలు, బీమా కాయితం ప్రింటు తీసి సంచి అడుగున.
ఎక్కడ కొడతారు: బార్సిలోనా మెట్రో, రోమ్‌లో తెర్మినీ స్టేషన్, 64 నంబరు బస్సు, లిస్బన్ 28 ట్రాము. పద్ధతి దాదాపు ఒకటే, తలుపు మూసుకునే క్షణంలో తోపులాట. తలుపు పక్కన నిలబడి ఫోను చూడకండి. రెస్టారెంట్ బల్ల మీద ఫోను పెడితే, ఎవరో కాయితం తెచ్చి సంతకం అడుగుతూ దాని మీద పరుస్తారు, కాయితంతో పాటు ఫోనూ లేస్తుంది.
రైల్లో పెద్ద బ్యాగు తలుపు దగ్గర అరలో పెట్టాల్సి వస్తే సైకిలుకి వాడే సన్న కేబుల్ తాళం చుట్టండి. ప్రతి స్టేషన్లో ఒకసారి తలెత్తి చూడండి.

కోనసీమ_కొబ్బరి
@తాళంకప్ప సముద్రంలో దిగితే సంచి ఎవరు చూస్తారు? ఒంటరివాళ్ళ అసలు సమస్య అది.

తాళంకప్ప
@కోనసీమ_కొబ్బరి బీచ్‌కి అసలు సంచి తీసుకెళ్ళకపోవడమే. గది తాళం, 20 యూరోలు మెడలో వాటర్‌ప్రూఫ్ సంచిలో. పాస్‌పోర్టు హాస్టల్ లాకర్‌లో. లాకర్ ఉంటుంది గానీ తాళం చాలా చోట్ల మనదే, చిన్న గొళ్ళెం పట్టే తాళంకప్ప తీసుకెళ్ళండి (నా పేరు ఊరికే పెట్టుకోలేదు).
పాస్‌పోర్టే పోతే: ముందు పోలీసు రిపోర్టు, స్పెయిన్‌లోనూ ఇటలీలోనూ దాన్ని 'దెనున్సియా', 'దెనుంచా' అంటారు. తర్వాత మన రాయబార కార్యాలయం. లిస్బన్, మాడ్రిడ్, రోమ్‌లలో ఉన్నాయి. గ్రనాడాలో పోతే మాడ్రిడ్ దాకా రావాలి. అక్కడ ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇండియాకి తిరిగి రావడానికి మాత్రమే. వీసా పాత పాస్‌పోర్టుతోనే పోయింది కదా. ఈ దేశాల్లో ఎక్కడైనా అత్యవసరానికి 112.

కారప్పొడి
తిండి సంగతి ఎవరూ ఎత్తట్లేదేంటి?
స్పెయిన్‌లో మాంసం వద్దంటే ట్యూనా చేప వేసి తెస్తారు, వాళ్ళ లెక్కలో అది మాంసం కాదు. "నో కోమో కార్నే, ని పెస్కాదో, ని హమోన్" అని మాంసం, చేప, పంది మాంసం మూడూ విడివిడిగా చెప్పండి. సలాడ్‌లో ట్యూనా, సల్మోరెహో అనే చల్లటి టమాటా సూప్ మీద పంది మాంసం ముక్కలు, పోర్చుగల్ కాల్దు వెర్ద్ సూప్‌లో సాసేజ్ ముక్క మామూలే. మీకు గుడ్డు ఓకే కాబట్టి బంగాళాదుంప తోర్తియా (ఆమ్లెట్) ఎక్కడైనా బతికిస్తుంది. పద్రోన్ మిరపకాయలు, పతాతాస్ బ్రావాస్ (కారం సాస్ వేసిన బంగాళాదుంప వేపుడు), సూపర్‌మార్కెట్లో డబ్బా గస్పాచో (చల్లటి టమాటా సూప్) కూడా ఉన్నాయి. ఆ గస్పాచో చల్లగా తాగితే ఎండకి మజ్జిగ తాగినంత హాయి.
ఒక్కరే వెళ్తే పాయెయా అనే అన్నం వంటకం చాలాచోట్ల ఇవ్వరు, కనీసం ఇద్దరికి అని మెనూలోనే రాస్తారు. మధ్యాహ్నం 'మెనూ దెల్ దియా' అడగండి: రెండు వంటకాలు, బ్రెడ్డు, తాగేది, తీపి, అన్నీ ఒకే రేటుకి. ఎక్కువగా పనిదినాల్లోనే. భోజనం టైము 2 తర్వాత, రాత్రి 9 తర్వాత. 7 గంటలకి వెళ్తే వంటగది మూసి ఉంటుంది.
పోర్చుగల్‌లో అడక్కుండా పెట్టే బ్రెడ్డు, ఆలివ్‌లు ఉచితం కాదు, ముట్టుకుంటే బిల్లు. వద్దంటే తీసేస్తారు. ఇటలీలో 'కోపెర్తో' అని మనిషికి ఒకటి రెండు యూరోలు వేస్తారు, అది మోసం కాదు.

బెజవాడ_బాటసారి
ఆవకాయ పట్టుకెళ్ళొచ్చా? అమ్మ ఇప్పటికే నెయ్యి, కరివేపాకు మూట కడుతోంది.

కారప్పొడి
నెయ్యి వద్దు. ఇండియా నుంచి పాలు, పాల పదార్థాలు, మాంసం ఏవీ యూరప్ యూనియన్‌లోకి రానివ్వరు. పాలకోవా కూడా అంతే. తాజా కరివేపాకుకి మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ కావాలి, అది మీ దగ్గర ఉండదు, ఎండబెట్టి పొడి చేయించండి. ఆవకాయ, కందిపొడి, పులిహోర పేస్టు పర్వాలేదు. ఆవకాయ చెకిన్ బ్యాగులో, మూత మీద టేపు, రెండు జిప్ కవర్లు. హాస్టల్ వంటగది ఉంటే అన్నం వండుకోవడమే తరువాయి.

కోనసీమ_కొబ్బరి
సర్టిఫికెట్ లేకుండా తీసుకెళ్ళగల తాజా పండ్లు ఐదే: అనాస, కొబ్బరి, డురియన్, అరటి, ఖర్జూరం. లిస్బన్‌లో దిగి కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టొచ్చు.

లిస్బన్_గాలి
@కోనసీమ_కొబ్బరి మోయక్కర్లేదు, మార్తీం మొనీజ్ దగ్గర మన దుకాణాల్లో అన్నీ దొరుకుతాయి. మాడ్రిడ్‌లో లావాపియెస్, బార్సిలోనాలో రవాల్, రోమ్‌లో పియాత్సా విత్తోరియో మార్కెట్. స్పెయిన్‌లో మెర్కదోనా లాంటి సూపర్‌మార్కెట్లు చాలాచోట్ల ఆదివారం మూసేస్తారు, శనివారమే కొనుక్కోండి.

చిల్లర
కార్డు మిషన్ మీద "యూరోలా, రూపాయలా" అని అడిగితే ఎప్పుడూ యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్ళ సొంత రేటు వేస్తారు. ఏటీఎం కూడా అలాగే అడుగుతుంది. పర్యాటకుల వీధిలో గోడకి బిగించిన విడి మిషన్ కాకుండా బ్యాంకు లోపలిది వాడండి, పోర్చుగల్‌లో మల్టిబాంకో అని ఉన్నది.
గది రేటు కాక రాత్రికింత పర్యాటక పన్ను ఉంటుంది. లిస్బన్‌లో 2024 సెప్టెంబరు నుంచి మనిషికి 4 యూరోలు. బార్సిలోనా, ఫ్లోరెన్స్, రోమ్ కూడా వసూలు చేస్తాయి. చాలాచోట్ల కౌంటరులోనే కట్టాలి, చిన్న హోటళ్ళకి నగదు ఉంచుకోండి.

బెజవాడ_బాటసారి
కొత్త ప్లాన్: లిస్బన్ 3, పోర్టో 2, మాడ్రిడ్ 3, గ్రనాడా 2, బార్సిలోనా 3, ఫ్లోరెన్స్ 3, రోమ్ 4. పారిస్, వెనిస్ తీసేశా. పోర్టో నుంచి మాడ్రిడ్‌కి విమానం.

వీసా_గోల
స్పెయిన్ 8, ఇటలీ 7, పోర్చుగల్ 5. ఇంకా స్పెయినే, కానీ ఒక్క రాత్రి తేడా. హోటల్ బుకింగుల్లో ఒక రాత్రి అటు జరిగినా దరఖాస్తు తిరగబడుతుంది, ఇక కదపకండి. రద్దు చేసుకునే వీలున్న బుకింగులు చాలు.
లిస్బన్‌కి ముందు వేరే షెంగెన్ ఊళ్ళో విమానం మారితే ఇమిగ్రేషన్ అక్కడే. 2025 అక్టోబరు 12 నుంచి పాస్‌పోర్టు ముద్ర బదులు ఫొటో తీసి కంప్యూటర్‌లో ఎక్కించే పద్ధతి దశలవారీగా వచ్చింది, వేసవి క్యూలు పెద్దవి. మారడానికి కనీసం మూడు గంటల గ్యాప్ చూడండి.

అలారం_పెట్టుకో
పోర్టో–మాడ్రిడ్ చవక విమానంలో ఉచితంగా వచ్చేది సీటు కింద పట్టే చిన్న సంచే. పై అరలో పెట్టే బ్యాగుకి టికెట్‌తో పాటే డబ్బు కట్టేయండి, గేటు దగ్గర కడితే టికెట్ కంటే ఎక్కువ అవుతుంది.

నల్లగొండోడు
పారిస్ తీసేసినవా! మా ఇంట్ల ఎవ్వరు ఒప్పుకోరు అక్కా.

బెజవాడ_బాటసారి
మా ఇంట్లోనూ ఒప్పుకోలేదు, ఐఫిల్ టవర్ ఫొటో లేకపోతే యూరప్ ఎలా అవుతుందట. చివరి డౌటు: బార్సిలోనా నుంచి ఇటలీకి విమానమా, ఓడ అని ఎవరో అన్నారు, అదా?

రైలుపట్టాలు
రెండూ ఉన్నాయి. ఓడ బార్సిలోనా నుంచి రోమ్ దగ్గరి రేవు చివితావెక్కియాకి, సుమారు 20 గంటలు, ఎక్కువగా రాత్రి బయల్దేరి మర్నాడు సాయంత్రం దించుతుంది. వారంలో అన్ని రోజులూ ఉండకపోవచ్చు, తేదీ చూసుకుని మిగతావి పేర్చండి. కుర్చీ టికెట్ చవక, కానీ ఏసీ వణికిస్తుంది, నలుగురు పంచుకునే ఆడవాళ్ళ క్యాబిన్‌లో పడక దొరికితే అది తీసుకోండి. షెంగెన్ లోపలే కాబట్టి ఇమిగ్రేషన్ ఉండదు, పాస్‌పోర్టు మాత్రం చూస్తారు.

వీసా_గోల
ఓడైతే ఆ రాత్రికి హోటల్ కాయితం ఉండదు, ఓడ టికెట్ దరఖాస్తులో పెట్టాలి. ఆ రాత్రి బార్సిలోనా 3లోంచి తగ్గించొద్దు, ఫ్లోరెన్స్‌లోంచి తగ్గించండి.

రైలుపట్టాలు
దిగాక రేవు లోపలి బస్సులో బయటి గేటు దాకా వచ్చి, అక్కణ్ణుంచి స్టేషన్‌కి వెళ్ళాలి. ఆ రాత్రి ఫ్లోరెన్స్ దాకా లాగొద్దు. రోమ్ 4లో ఒక రాత్రి ముందుకు జరిపి తెర్మినీ దగ్గర పడుకుని, పొద్దున ఫ్లోరెన్స్‌కి వేగపు రైలు ఎక్కండి, గంటన్నర. చివితావెక్కియా నుంచి రోమ్‌కి లోకల్ రైలు గంట చిల్లర, సీటు నంబరు ఉండదు. కాయితం టికెట్ కొంటే ప్లాట్‌ఫాం మీది మిషన్లో ముద్ర వేసుకున్నాకే ఎక్కాలి, లేకపోతే టికెట్ చేతిలో ఉన్నా జరిమానా. ఫోన్లో కొంటే రైలెక్కే ముందు చెకిన్ నొక్కాలి.
సమ్మె ఉంటే ముందే ప్రకటిస్తారు. పనిదినాల్లో పొద్దున 6–9, సాయంత్రం 6–9 మధ్య లోకల్ రైళ్ళు నడిచి తీరాలి, ఓడ సాయంత్రం దిగుతుంది కాబట్టి ఆ టైము చూసుకోండి.